వీలునామాలో రెండు రంధ్రాలు

మార్చి 4

రెండు రంధ్రాలు, ఒక తుప్పు మరక. మూడు వారాలు కూర్చుని కోర్టువాళ్లు నాన్న వీలునామాలో కనిపెట్టింది ఇది. సంతకం బాగుందట, సాక్షుల సంతకాలు బాగున్నాయట, తేదీ బాగుందట. కానీ కాగితం పైన ఎడమ మూలలో గుండుసూది గుచ్చి తీసిన గుర్తులున్నాయి కాబట్టి, దాంతో మరేదైనా కాగితం జతచేసి ఉండేదా, ఉంటే అదేమిటి అన్నది నేను ప్రమాణం చేసి చెప్పాలి. చెబితేనే ప్రొబేట్, అంటే వీలునామా చెల్లుతుందన్న కోర్టు పత్రం, ఇస్తారు. ప్రొబేట్ వస్తేనే బైండింగ్ కొట్టు నా పేరు మీదికి వస్తుంది.

లాయరమ్మ ఫోన్‌లో చాలా మామూలుగా చెప్పింది. ఇలాంటివి నెలకు నాలుగైదు వస్తూనే ఉంటాయట. "ఏమీ లేదు కదండీ?" అంది. "ఏమీ లేదు" అన్నాను. "మరి ఒక్క కాగితానికి సూదెందుకు గుచ్చారు మీ నాన్నగారు?" అంది. "అలవాటు" అన్నాను.

నాన్న జన్మలో గుండుసూది ముట్టుకోలేదు.

ఆ సూది తీసింది నేనే. తీయకుండా ఎలా ఉంటాను? ఇరవై ఆరేళ్లుగా నేను చేస్తున్న పనే అది. ఎవరు ఏ పుస్తకం తెచ్చినా ముందు ఇనుము ఏరేస్తాం. పిన్నులు, క్లిప్పులు, స్టేపుళ్లు, ఏదున్నా సరే. ఇనుము తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తుంది. నాన్న బీరువాలో వీలునామా కనబడగానే కళ్లు చదవకముందే వేళ్లు సూది తీసేశాయి. తర్వాత మడతలు పోవడానికి ఒక పూట పుస్తకాలు అదిమే ప్రెస్‌లో కూడా పెట్టాను. ఇంకొక్క రోజు నా దగ్గరుంటే కాగితపు గుజ్జు పెట్టి ఆ రంధ్రాలు పూడ్చేసేదాన్ని. నేను పూడ్చిన రంధ్రాన్ని కోర్టు కాదు కదా, దాన్ని పొడిచిన సూది కూడా గుర్తుపట్టలేదు.

సూదితో పాటు ఊడి వచ్చిన చీటీ గురించి ఇక్కడ రాయనక్కర్లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు.

మార్చి 5

సరే, ఒక్కసారి రాసేస్తాను, మళ్లీ దాని ఊసెత్తను. చీటీలో నాన్న రాసింది కొట్టులో సగం తమ్ముడికివ్వమని. మిగతా నాలుగు ముక్కలూ ముసలాయన గొణుగుడు.

వీలునామాలో కొట్టు మొత్తం నాదే. వీధి మెట్లెక్కితే ముందు పని గది, వెనక నేనుండే రెండు గదులు. ఇందులో సగమంటే ఏది సగం? ప్రెస్‌ని నిలువునా కోస్తామా? తమ్ముడు ఇరవై రెండేళ్ల కిందట ఈ మెట్లు దిగిపోయాడు. ఇప్పుడు ఇళ్లకు టైల్స్ వేస్తాడు, పని బాగానే ఉందని విన్నాను. వాడికి సగం ఇస్తే వాడు అమ్ముకోమంటాడు. అమ్మితే కొట్టుండదు. కొట్టు లేకపోతే నేనెక్కడికి పోవాలి, కుట్టుపిన్ని ఎక్కడికి పోవాలి?

పిన్ని అంటే సొంత పిన్ని కాదు. నేను జడలేసుకునే నాటి నుంచి ఇక్కడ ఫారాలు, అంటే పుస్తకానికి మడిచిన కాగితాల కట్టలు, కుడుతోంది. ఆమె లేకపోతే కొట్టులో సగం పని ఆగుతుంది, మాటలు మొత్తం ఆగిపోతాయి.

నిర్ణయం అయిపోయింది. ప్రమాణం చేస్తాను.

మార్చి 7

లాయరమ్మ రాసి పంపింది. ఒక్క పేజీ. మొదటి పేరా నేనెవరో. రెండో పేరా వీలునామా ఎక్కడ దొరికిందో. మూడో పేరా ఇలా ఉంది:

"సదరు వీలునామాకు ఒక గుండుసూది మాత్రమే గుచ్చి ఉన్నది. ఆ సూదితో మరే కాగితమూ, చీటీ, పత్రమూ జతచేసి ఉండలేదు. కాగితం నలగకుండా ఉండుటకై సూదిని నేను తొలగించితిని."

చీటీ అన్న మాట ఆవిడెందుకు రాయాలి? కాగితమంటే సరిపోయేది కదా. లాయర్లకు ఒక మాట చాలదు, మూడు కావాలి.

నాలుగో పేరాలో పై విషయాలన్నీ నిజమని నా సంతకం.

మార్చి 8

మూడో పేరా నోటికి వచ్చేసింది. జిగురు కలుపుతూ చదువుకున్నాను, అట్టలు కోస్తూ చదువుకున్నాను. ఎక్కడా తడబడలేదు.

మార్చి 10

నోటరీ ఆఫీసు టైపు దుకాణం పైన. ఇరుకు మెట్లు, ఒక బెంచీ, గోడకి ఫ్యాను. నా ముందు ఇద్దరు. నోటరీ పొట్టిగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన జేబురుమాలులా ఉన్నాడు. ప్రమాణాలు రాసుకునే పెద్ద రిజిస్టరు ఆయన ముందుంది. దాని వెన్ను చీలిపోతే టేపు అంటించారు. టేపు మీద మళ్లీ టేపు. చూసి నా పళ్లు జివ్వుమన్నాయి.

రుసుము ముందే కట్టించుకున్నాడు. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "పైకి చదవండి" అన్నాడు. నేను ఇంట్లో చదివాను, అంతా సరిగ్గానే ఉంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సంతకం పెట్టేసి ఆర్నెల్ల తర్వాత వచ్చి అందులో ఏముందో నాకు తెలీదండీ అనేవాళ్లతో విసిగిపోయి ఈ నియమం పెట్టుకున్నాడట. తన ముందు ప్రమాణం చేసేవాళ్లెవరైనా సరే ప్రతి అక్షరం పైకి చదవాల్సిందే.

చదివాను. మొదటి పేరా అయింది. రెండోది అయింది. మూడోదానిలో "గుండుసూది మాత్రమే" దాకా వచ్చి గొంతు ఆగింది. దగ్గాను. నీళ్లిచ్చాడు. తాగి మళ్లీ మొదలుపెట్టాను. "మాత్రమే" దగ్గరే మళ్లీ ఆగింది. బెంచీ మీద కూర్చున్న ఆయనెవరో నన్నే చూస్తున్నాడు.

కళ్లజోడు మరిచిపోయి వచ్చాను, అక్షరాలు కనబడడం లేదు అన్నాను.

కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది.

నోటరీ దాని వంక చూశాడు, నా వంక చూశాడు. "అది దూరపు చూపుది కాబోలు. దగ్గరి చూపుది పెట్టుకుని రండమ్మా" అన్నాడు. రుసుము తిరిగివ్వలేదు. ప్రమాణం జరగకపోయినా రుసుము రుసుమేనట. తాను కూర్చున్నందుకు తీసుకుంటాడట, నేను చదివినందుకు కాదట.

మెట్లు దిగుతుంటే చెవులు కాలిపోయాయి. ఆ దగ్గు లేకపోతే అయిపోయేది. పొద్దున చల్లనీళ్లు తాగి ఉండాల్సింది కాదు.

మార్చి 11

ఈ రోజు నాతో ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుండేది. అది పిన్ని ఉన్న చోట అయ్యే పని కాదు.

ఒక ఫారం తలకిందులుగా పేర్చానట. ఆమె సగం కుట్టాక చూసి, దారం మొత్తం విప్పి, నా ముందు పెట్టింది. తర్వాత మెల్లగా అందుకుంది. వీలునామా సంగతి తమ్ముడికి చెప్పావా అంది. వాడికెందుకు చెప్పాలి, వాడి పేరు అందులో లేదుగా అన్నాను. పేరు లేకపోవడం కూడా చెప్పాల్సిన సంగతే కదే అమ్మాయ్ అంది. కుట్టడం ఆపకుండానే అంది.

నాన్న పోయిన రోజు తమ్ముడు వచ్చాడు. అందరి వెనకాల గోడకానుకుని నిలబడ్డాడు. మోకాళ్ల దగ్గర ప్యాంటుకి సున్నం మరకలు, పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు. నాతో రెండు మాటలు మాట్లాడాడు. అన్నీ అయ్యాక కుర్చీలు మోసి వెళ్లిపోయాడు. ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేసుకుంటాం. ఆరోగ్యం, ఎండలు, వానలు.

అంతకంటే మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

మార్చి 12

నిర్ణయం మారలేదు. ఎల్లుండి వెళ్తాను. ఈసారి వేడినీళ్లు తాగి వెళ్తాను.

మార్చి 13

వెళ్లేముందు ఒక్క అనుమానం తీర్చుకుందామని లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఊరికే అడుగుతున్నాను అన్నాను. ఒకవేళ, మాటవరసకి, వీలునామాతో ఒక చీటీ ఉండి, అందులో ఆస్తి ఇంకోలా పంచమని రాసి ఉంటే ఏమవుతుంది?

ఆవిడ కలం కింద పెట్టింది. "సాక్షులు సంతకాలు చేశారా దాని మీద?"

"మాటవరసకి చెయ్యలేదనుకోండి."

"అయితే దానికి విలువ లేదండీ. వీలునామా ఎలా ఉందో అలాగే చెల్లుతుంది. కొట్టు మీదే. కాకపోతే ఆ చీటీ ఉందని ప్రమాణంలో చెప్పాలి, దాన్ని జతచెయ్యాలి. దాచిపెట్టి లేదని ప్రమాణం చేస్తే అది వేరే కథ."

అంటే కొట్టు నాదే. చీటీ చూపించినా నాదే, చూపించకపోయినా నాదే.

సంతోషంగా ఇంటికి రావాలి కదా. దారంతా పళ్లు బిగపట్టుకునే వచ్చాను. పిన్ని ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను. అది మాత్రం నిజం. ఏమీ కాలేదు. పది రోజులుగా ఏ కొట్టు పోతుందని అబద్ధం బట్టీపట్టానో ఆ కొట్టుకు ఏమీ కాదు.

మరి ఇప్పుడు కూడా ఆ చీటీ చూపించాలంటే చెయ్యి ఎందుకు రావడం లేదు?

మార్చి 14

ఈ రోజు కొట్టు తెరవలేదు. పిన్నిని రావద్దన్నాను. కూర్చుని మొత్తం రాస్తాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగు, తమ్ముడికి పంతొమ్మిది. లైబ్రరీ నుంచి ఒక పక్షుల బొమ్మల పుస్తకం వచ్చింది. వందేళ్ల నాటిది. బొమ్మలన్నీ చేత్తో రంగులు దిద్దినవి. కొన్ని పెద్ద పక్షులు పేజీలో పట్టక మడతపెట్టి ఉంటాయి, విప్పితే బయటికొస్తాయి. కుట్టు అయిపోయింది, అంచులు కోయడం మిగిలింది. పనుల పలక మీద నాన్న తమ్ముడి పేరు రాశాడు.

అప్పట్లో మాకు కోత మెషిన్ లేదు. పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య బిగించి పొడవాటి కత్తితో అంచు కోసేవాళ్లం. తమ్ముడు, అక్కా ఒక గంటలో వస్తాను, నాన్నకి చెప్పకు అని ఆటకు వెళ్లాడు. రెండు గంటలైనా రాలేదు. నాకు ఒళ్లు మండింది. వీడి పని కూడా నేనే చేస్తే గానీ ఈ కొట్టు నడవదు అనుకుంటూ పుస్తకం బిగించి కోసేశాను. కోసేముందు మడత బొమ్మలు ఎంత దూరం వచ్చాయో ఒక్కొక్కటీ విప్పి చూసుకోవాలి. బైండింగ్‌లో మొదటి నెలలో నేర్పే సంగతి. చూడలేదు. కోపంలో ఉన్నాను.

మర్నాడు పొద్దున లైబ్రరీ ఆయన వచ్చి పుస్తకం తెరిచాడు. పద్నాలుగు పక్షులకు ముక్కులు లేవు. కొన్నిటికి తోకలు లేవు.

నాన్న ఆయన ఎదురుగానే అన్నాడు, "ఇది కోసినవాళ్లు ఈ పూటే కొట్టు దిగాలి." పలక మీద పేరు అందరికీ కనబడుతోంది. తమ్ముడు నా వంక చూశాడు. నేను కాగితాలు మడతపెడుతున్నాను. మడతపెడుతూనే ఉన్నాను. ఒక్కసారి తలెత్తితే సరిపోయేది.

వాడు దిగాడు.

వాడు వెళ్లకుండా ఉంటే నేను కోసేదాన్నే కాదు, కాబట్టి తప్పు వాడిదే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, అది జరిగినదానిలాగే తయారైంది. ఆ వారం నుంచి నాన్న కోత పనులన్నీ నాకే ఇచ్చాడు. నా మీద నమ్మకం అనుకున్నాను.

ఇది చీటీ. పూర్తిగా రాస్తున్నాను.

"పుర్రచెయ్యీ, పక్షుల పుస్తకం కోసింది నువ్వని ఆ రోజు మధ్యాహ్నమే తెలిసింది. ఎడమచేతి కోత ఎటు వాలుతుందో నీకు నేర్పిన నాకు తెలియదా. అప్పటికే వాడు వెళ్లిపోయాడు. వెళ్లి తీసుకురాలేదు. తెస్తే నిన్ను పంపాలి, నీ చెయ్యి లేకపోతే నాకు కొట్టు లేదు. నీ తప్పు ఒక పూటది, నాది ఇన్నేళ్లది. కొట్టులో సగం వాడికివ్వు. ఎందుకో నువ్వే చెప్పు."

కింద సంతకం. సాక్షులు లేరు.

పుర్రచెయ్యి అన్నది నాన్న నాకు పెట్టిన పేరు, ఎడమచేతి వాటమని. ఆయన తప్ప ఇంకెవరూ పిలవలేదు. ఇంకెవరూ పిలవరు.

జన్మలో ముట్టని గుండుసూది ఆయన కావాలనే గుచ్చాడు. సూది చూస్తే నేను తీయకుండా ఉండలేనని ఆయనకు తెలుసు. తీస్తే రంధ్రాలు మిగులుతాయని కూడా తెలుసు. దారంతో కుట్టి ఉంటే నాకు ఈ తిప్పలు ఉండేవి కాదు.

మార్చి 15

కొట్టు పోతుందని కాదు. వాడికి తెలిసిపోతుందని.

మార్చి 16

నిర్ణయం తీసుకున్నాను. ఈసారి నిజంగా తీసుకున్నాను. కోర్టు కాగితంలో చూసి వాడు తెలుసుకోకూడదు. ముందు నా నోటితో చెబుతాను. తర్వాతే ప్రమాణం.

ఫోన్ చేసి, పనెక్కడ అని అడిగాను. ఎందుకు అన్నాడు. వస్తాను అన్నాను. అడ్రసు చెప్పాడు.

మార్చి 17

కట్టడం సగంలో ఉన్న ఇల్లు. తలుపులింకా బిగించలేదు. వాడు స్నానాల గదిలో నేల మీద టైల్స్ వేస్తున్నాడు. లోపలి గోడ నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి వెనక్కి వస్తారట ఈ పనిలో, లేకపోతే వేసినదాన్నే తొక్కాల్సి వస్తుంది. కాబట్టి వాడి వీపు నా వైపు ఉంది. మోకాళ్లకు రబ్బరు తొడుగులు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"చెప్పక్కా, సిమెంటు గట్టిపడుతుంది, ఆపలేను" అన్నాడు.

వాడి వీపుకి చెప్పాను. కోసింది నేను అన్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఎన్నోరకాలుగా అనుకుని వచ్చాను, ఆ రెండు మాటలే వచ్చాయి. వాడు ఒక టైలు పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టాడు. లెవెల్ చూశాడు. ఇంకోటి పెట్టాడు.

వీలునామాతో నాన్న ఒక చీటీ పెట్టాడని, దాని సంగతి నోటరీ ముందు నేను పైకి చదవాలని చెప్పాను. చూపించబోతే చేతులకు సిమెంటుంది, చదువు అన్నాడు. చదివాను. ఈసారి గొంతు ఆగలేదు. ఆగితే బాగుండుననిపించింది. చదవడం అయ్యేసరికి వాడు ఒక వరస పూర్తి చేసి ఒక అడుగు వెనక్కి జరిగాడు. ఇంకో వరస అయితే నా కాళ్ల దాకా వచ్చేస్తాడు.

అప్పుడు అన్నాడు, తిరగకుండానే.

"ఆ కోత ఎవరిదో నాకు తెలీదా అక్కా. నేను కూడా ఆ కొట్టులోనే పెరిగాను."

నేను చీటీని మళ్లీ మడతపెట్టాను.

"నేను చెప్పేస్తే అయిపోయేది. కానీ నువ్వు చెబుతావనుకున్నాను. కొట్టు దిగి ఎక్కడికీ పోలేదు, మెట్ల మీద కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. పైన నువ్వు కాగితాలు మడతపెడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది."

మెట్ల మీద కూర్చున్నాడని నాకు తెలియదు. ఇప్పటిదాకా తెలియదు. వాడు వీధి చివరకు వెళ్లిపోయాడనీ, నేను పిలిచినా వినబడదనీ అనుకున్నాను. ఇరవై రెండేళ్లు అదే అనుకున్నాను.

క్షమించమని అడిగాను. వాడు జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదైంది. ఇస్తే నేను తేలిక పడిపోయేదాన్ని. కొట్టులో సగం నీది, చట్టం ఒప్పుకోకపోయినా నేను రాసిస్తాను అన్నాను. వాడు చేతులు బకెట్లో కడుక్కుని ఇటు తిరిగాడు. నాన్న ముక్కే వాడిది, ఎప్పుడూ గమనించలేదు.

"సగం సంగతి తర్వాత. ఆ నోటరీ ముందు పైకి చదవాలన్నావు కదా, ఎప్పుడు?"

శుక్రవారం అన్నాను.

"నేనొస్తాను. వింటాను."

మార్చి 18

లాయరమ్మకు నిజం చెప్పాను. నీళ్లు నమలకుండా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మాటవరసకి అన్నప్పుడే అనుకున్నానండీ, మాటవరసకి అడిగేవాళ్ల మొహం అలా ఉండదు అంది. మూడో పేరా మళ్లీ రాసింది. ఈసారి చాలా పొడుగైంది. చీటీ మొత్తం అందులోకి ఎక్కించాలంది. ముందు ఏమీ లేదని మీకు చెప్పినట్టు కూడా రాయండి అన్నాను. అది అక్కర్లేదంది. నాకు కావాలన్నాను.

మార్చి 19

పిన్నికి చెప్పాను. ఆమె సూదిలోంచి దారం జారిపోయింది. మళ్లీ ఎక్కించుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎక్కించాలా అని అడిగితే నా వంక చూడకుండా వద్దంది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం ఈ కొట్టులో నేను చూడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, ఆ పిల్లాడికి తినిపించిన చేతులే ఇవి అంది. అంతే. రేపు వస్తుందో రాదో.

మార్చి 20

వచ్చింది. ఇంకా మాట్లాడలేదు. ఫారాలు అడక్కుండానే అందుకుంటోంది.

మార్చి 21

తమ్ముడు నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా. గోళ్లలో సిమెంటు పోలేదు.

నోటరీ నన్ను గుర్తుపట్టాడు. "కళ్లజోడు తెచ్చుకున్నారా?" అన్నాడు. తెచ్చుకున్నాను అన్నాను. అదే కళ్లజోడు. కుడిచెయ్యి ఎత్తమన్నాడు.

చదివాను. నేనెవరో చదివాను. వీలునామా ఎక్కడ దొరికిందో చదివాను. గుండుసూదితో ఒక చీటీ జతచేసి ఉండేదని, దాన్ని నేను దాచానని, అడిగితే లేదని చెప్పానని చదివాను. చీటీ చదివాను. పుర్రచెయ్యీ అన్న మాట కూడా, నోటరీ ముందు, బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ఎవరో ముసలావిడ ముందు. పక్షుల పుస్తకం కోసింది నేనేనని, ఆ సంగతి ఇరవై రెండేళ్లు ఎవరికీ చెప్పలేదని చదివాను. ఫ్యాను తిరుగుతోంది. తమ్ముడు వంగి నేల వంక చూస్తున్నాడు. టైల్స్ ఎలా వేశారో చూస్తున్నాడేమో, నాకు తెలియదు. పేరా అయ్యాక ఒకసారి ముక్కు ఎగబీల్చాడు.

కుడిచెయ్యి దించి, ఎడమచేత్తో సంతకం చేశాను.

రుసుములు రెండయ్యాయి. ప్రమాణానికి ఒకటి, జతచేసే చీటీకి ఒకటి. మొదటిసారి పోయినది కలిపితే మూడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే తక్కువ ఖర్చయింది ఆ డబ్బే.

నోటరీ చీటీ మీద గుర్తు వేసి, ప్రమాణం కాగితానికి పెట్టి, స్టేప్లర్ అందుకున్నాడు. ఆ చప్పుడు వినకముందే నా చెయ్యి దాని మీద పడింది. ఇనుము వద్దండీ, తుప్పు పట్టి తినేస్తుంది అన్నాను. మరెలా జతచేస్తామమ్మా అన్నాడు. సంచిలోంచి సూదీ దారం తీశాను. అవి లేకుండా నేను గడప దాటను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కానివ్వండి" అన్నాడు.

మూడు రంధ్రాలు పొడిచి కుట్టాను. నాన్న చీటీని నా ప్రమాణానికి ఎడమచేత్తో కుట్టి, వెనక ముడి వేశాను. నోటరీ ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టాడు. ఇక ఎవరు విప్పినా తెలుస్తుంది. తమ్ముడు లేచి వచ్చి దగ్గరగా చూశాడు. కుట్టు మీద వేలు పెట్టి చూశాడు.

బయటికొచ్చాక వాడు నాతో కొట్టు దాకా నడిచాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. ఈసారి నేను పైకి పోలేదు, పక్కనే కూర్చున్నాను. పిన్ని కిటికీలోంచి చూసి, లోపలికి వెళ్లి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

పావుగంట తర్వాత లేచి, ప్యాంటు దులుపుకున్నాడు.

"నాలుగో మెట్టు అంచు విరిగింది. ఎవరైనా పడతారు. ఆదివారం వచ్చి చేస్తాను, సిమెంటు తెచ్చి ఉంచు."

వాడి గొంతులో తీపి ఏమీ లేదు. పనివాడు ఇంటివాళ్లకు చెప్పినట్టే చెప్పాడు.

మార్చి 22

సిమెంటు తెచ్చాను. ఏ రకం కావాలో అడగడం మరిచిపోయాను, కొట్టువాడు రెండు రకాలున్నాయన్నాడు. రెండూ తెచ్చాను.